విండోస్ 11కి మారుతున్నారా? ముందు ఆ 48 అంకెలు ఎక్కడున్నాయో చూడండి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ముగిసింది. పాత ల్యాప్‌టాప్‌లు ఎన్నో 11 దారి పట్టాయి. సరిగ్గా అదే రోజు వచ్చిన విండోస్ 11 అప్‌డేట్, రికవరీ స్క్రీన్‌లో (విండోస్ మొరాయిస్తే బాగుచేసుకునే తెర) యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయకుండా చేసింది. విండోస్‌లో రెండూ బాగానే ఉంటాయి, రికవరీలోకి దిగాకే మొరాయిస్తాయి. సవరణ అక్టోబర్ 20న వచ్చింది. మరమ్మతు చేసే పనిముట్టే పాడైన ఆ వారంలో అప్‌గ్రేడ్ మధ్యలో చిక్కుకున్నవాళ్ల అవస్థ ఊహించుకోండి.

ఛార్జర్ పెట్టండి, బ్యాకప్ తీయండి అని చెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు. జనాన్ని నిలువునా ముంచేది వేరే ఉంది: డిస్క్ తాళం తీసే 48 అంకెల కీ.

తాళంచెవి

అప్‌గ్రేడ్ విఫలమైనంత మాత్రాన ఫైళ్లు పోవడం అరుదు. బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) రికవరీ కీ దొరక్క పోతాయి. చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవగానే డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే ఆ తాళం వేయడం, తనంతట తానే మొదలవుతుంది. వాడేవాళ్లకు ఆ సంగతే తెలియదు. తర్వాత విండోస్ 11 కోసం బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు నడిచే యంత్రం సొంత సెట్టింగ్స్) వెళ్లి సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే మొదలవనిచ్చే రక్షణ) మారుస్తారు, టీపీఎం (తాళంచెవులు దాచే భద్రతా చిప్) సెట్టింగ్ కదిలిస్తారు, లేదా బయోస్‌నే అప్‌డేట్ చేస్తారు. బూట్ అయ్యే (కంప్యూటర్ మొదలయ్యే) తీరు మారిందని గుర్తించి టీపీఎం చిప్ డిస్క్ తాళం విప్పదు. తెర మీద 48 అంకెల కీ అడుగుతుంది. అది లేకపోతే మైక్రోసాఫ్ట్‌గానీ, ల్యాప్‌టాప్ కంపెనీగానీ, డేటా రికవరీ వాళ్లుగానీ చేయగలిగిందేమీ లేదు.

సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ బిట్‌లాకర్ గానీ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే, వెబ్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి రికవరీ కీ వెతకండి. ఆఫీసు, కాలేజీ ఐడీతో వాడే ల్యాప్‌టాప్ అయితే వాళ్ల ఐటీ విభాగాన్ని అడగండి. ఒకే అకౌంట్ కింద పాత యంత్రాల కీలు కూడా పేరుకుని ఉంటాయి కాబట్టి కీ ఐడీ (ఏ కీ ఏ డిస్క్‌దో చెప్పే గుర్తు) మొదటి 8 అక్షరాలు సరిపోల్చుకోవాలి.

ఇక అసలు తప్పు: కీని ఫొటో తీసి అదే ల్యాప్‌టాప్‌లో దాచుకోవడం. తాళంచెవి ఇంట్లోనే వదిలేసి తలుపు లాగేసుకున్నట్టు. ఇదే తప్పుకు ఇంకో రూపం ఉంది. కీ అకౌంట్‌లో భద్రంగానే ఉంటుంది, ఆ అకౌంట్ పాస్‌వర్డ్ మాత్రం ఈ ల్యాప్‌టాప్ బ్రౌజర్‌కు తప్ప ఎవరికీ గుర్తుండదు. లేదంటే ఓటీపీ ఎప్పుడో వదిలేసిన ఫోన్ నంబరుకు వెళ్తుంది. కీ కాగితం మీద రాయండి. 8 గుంపులు, గుంపుకు 6 అంకెలు. రాశాక ఇంకోసారి సరిచూడండి.

బయోస్ ముట్టుకునే ముందు బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేయండి, అంటే తాత్కాలికంగా ఆపండి. అప్‌గ్రేడ్ వరకైతే విండోస్ సెటప్ ఆ పని తానే చేసుకుంటుంది, బయోస్ మీరు కదిపితే మాత్రం మీరే చేయాలి. సస్పెండ్ మామూలుగా ఒక్క రీస్టార్ట్ వరకే నిలుస్తుంది. "క్లియర్ టీపీఎం" జోలికి పోకండి, అది చిప్‌లోని తాళంచెవులను చెరిపేస్తుంది.

మొదలుపెట్టే ముందు

సి డ్రైవ్‌లో 30 జీబీ ఖాళీ ఉంచండి. పెన్‌డ్రైవ్, ఎస్‌డీ కార్డు, డాక్ (అదనపు పోర్టులిచ్చే పెట్టె), ప్రింటర్ అన్నీ పీకేయండి. బయటి కంపెనీ యాంటీవైరస్‌ను ఆఫ్ చేస్తే చాలదు, అన్ఇన్‌స్టాల్ చేయాలి. దాని డ్రైవర్లు ఆఫ్‌లో ఉన్నా లోడవుతూనే ఉంటాయి. 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద ఇన్‌స్టాలేషన్ మీడియా (విండోస్ ఎక్కించే ఫైళ్లు) ముందే తయారు చేసుకోండి, ల్యాప్‌టాప్ పడుకున్నాక చేయాలంటే ఇంకో కంప్యూటర్ వెతుక్కోవాలి. దాంట్లోనే వైఫై డ్రైవర్ కూడా వేసుకోండి.

ఒక మెలిక. ఆ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే ఫైళ్లు, ప్రోగ్రామ్‌లు ఉంచుకునే అప్‌గ్రేడ్ కుదరదు. అవి ఉండాలంటే విండోస్ నడుస్తుండగా లోపలి నుంచే సెటప్ తెరవాలి.

ఆగిపోతే, వెనక్కి పోతే

శాతం కదలడం లేదని పవర్ బటన్ నొక్కకండి. గంటసేపు ఒకే అంకె దగ్గర నిలబడ్డా లోపల పని జరుగుతూ ఉండొచ్చు. డిస్క్ లైటు ఉంటే దాన్ని చూడండి. మార్పులు వెనక్కి తీసుకుంటున్నట్టు తెర మీద కనిపించే దశ ఇంకా సున్నితం. అప్పుడు కరెంటు పోతే పాత విండోస్ కూడా దక్కకపోవచ్చు.

ఎర్రర్ కోడ్ రాసుకోండి. చివరి అంకెలే అసలు విషయం చెబుతాయి. 80070070 అయితే చోటు చాల్లేదు. 1900101 అయితే దాదాపు ఎప్పుడూ డ్రైవర్ గొడవే. 1900208 అయితే ఏదో ప్రోగ్రామ్ పొసగడం లేదు. 1900200 అయితే యంత్రానికి కనీస అర్హత లేదు. అర్థం కాకపోతే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే సెటప్‌డయాగ్ లాగ్‌లు చదివి కారణం చెబుతుంది.

మిగతావి వరసగా:

- కారణం తెలియకుండా మళ్లీ మళ్లీ ప్రయత్నించకండి. అదే డ్రైవర్, అదే దెబ్బ.
- కీ రాశారా? ఏ కాగితం మీద? ఇప్పుడెక్కడుంది?
- డిస్క్ టిక్ టిక్ మంటుంటే అప్‌గ్రేడ్ మాటే ఎత్తకండి, చెక్‌డిస్క్ (డిస్క్ తప్పులు సరిచేసే విండోస్ పనిముట్టు) కూడా నడపకండి. ముందు ఫైళ్లు బయటికి తీయండి.
- బూట్ కాకపోతే రికవరీలో ముందు స్టార్టప్ రిపేర్, అది కాకపోతే ఫీచర్ అప్‌డేట్ అన్ఇన్‌స్టాల్. "రిమూవ్ ఎవ్రీథింగ్" వద్దు.
- ఫైళ్లు తీయాలంటే పెన్‌డ్రైవ్ మీద లైనక్స్ (విండోస్‌కు బదులు నడిచే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) బూట్ చేసి తీయొచ్చు. అక్కడా అదే 48 అంకెలు అడుగుతుంది.
- ఫైళ్లు ఆన్‌లైన్‌లో సింక్ అవడం బ్యాకప్ కాదు. ఇక్కడ పోయింది అక్కడా పోతుంది.
- బ్యాకప్ డిస్క్‌ను అప్‌గ్రేడ్ అయ్యేదాకా తగిలించి ఉంచకండి.
- మూత వేయకండి. స్లీప్ ఆపేయండి.
- ఎవరికైనా రిపేరుకిస్తే "ఫార్మాట్ చేయొద్దు" అని రాసి ఇవ్వండి. నోటిమాట చాలదు.
- వెనక్కి వెళ్లడానికి మామూలుగా 10 రోజులే గడువు. అప్పటిదాకా డిస్క్ క్లీనప్‌లో "ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్" దగ్గర టిక్ పెట్టకండి. చోటు చాలకపోతే సినిమాలు చెరపండి.