ఐకే ప్లస్: ముగ్గురి కొట్లాటను ఇద్దరు ఆడాలంటే

ఫైటింగ్ గేమ్ అంటే ఎదురెదురుగా ఇద్దరే కదా. కమోడోర్ 64 అనే పాతకాలపు హోమ్ కంప్యూటర్ మీద 1987లో వచ్చిన ఇంటర్నేషనల్ కరాటే ప్లస్‌లో మాత్రం ముగ్గురుంటారు. ఇద్దర్ని మనం ఆడిస్తే, మూడోవాణ్ణి కంప్యూటర్ ఆడిస్తుంది. ప్రోగ్రామూ బొమ్మలూ ఆర్చర్ మక్లీన్‌వి, సంగీతం రాబ్ హబ్బర్డ్‌ది. ఒక్కరే ఆడితే సగం మజా పోతుంది, అందుకే నేను మా తమ్ముణ్ణి కూర్చోబెట్టుకునే ఆడతాను.

ఆ కంప్యూటర్ ఎక్కడ దొరుకుతుందని కంగారు పడకండి. వైస్ అనే ఉచిత ఎమ్యులేటర్ (ఇప్పటి కంప్యూటర్‌లోనే ఆ పాత కంప్యూటర్‌ని అనుకరించే ప్రోగ్రామ్) చాలు. మోడల్ దగ్గర పాల్ (PAL, అంటే యూరప్ టీవీ పద్ధతి) పెట్టండి. ఇది బ్రిటన్ ఆట, అక్కడి టీవీల 50 హెర్ట్జ్‌కి రాసింది. అమెరికా మోడల్ మీద వేగం మారిపోతుంది. ఆట ఫైల్‌ని ఆటోస్టార్ట్‌తో తెరవండి. లోడింగ్ అవుతుంటే విసుగొస్తే ఆల్ట్, డబ్ల్యూ కలిపి నొక్కండి, చకచకా అయిపోతుంది. అయ్యాక మళ్లీ నొక్కి ఆపేయాలి, లేకపోతే మనుషులు ఈగల్లా కనిపిస్తారు.

అసలు పేచీ కంట్రోల్స్ దగ్గరే. ఇద్దరూ ఒకే ల్యాప్‌టాప్ కీబోర్డు మీద పడితే, ఒకేసారి నాలుగైదు కీలు నొక్కినప్పుడు అది కొన్నింటిని మింగేస్తుంది. "నేను తన్నాను, తగల్లేదు" అని గొడవ మొదలు. ఒకరికి మామూలు యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్ ఇచ్చి, ఇంకొకరికి కీబోర్డు ఉంచండి. సెట్టింగ్స్‌లో రెండు జాయ్‌స్టిక్ పోర్టులకూ చెరొకటి కేటాయించాలి. అప్పట్లో జాయ్‌స్టిక్‌కి ఎనిమిది దిక్కులు, ఒకే ఫైర్ బటన్. ఫైర్ పట్టుకునీ, పట్టుకోకుండానూ ఒక్కో దిక్కూ నొక్కి చూస్తే దెబ్బలన్నీ బయటపడతాయి.

ఇక్కడ ఎంత ప్రాణం మిగిలిందో చూపే హెల్త్ బార్ లేదు. ఒక్క దెబ్బకే మనిషి పడిపోతాడు, కొట్టినవాడికి పాయింట్లు. రౌండులో పాయింట్లలో అందరికన్నా వెనకబడితేనే ముప్పు. అందుకే మొదట్లో తమ్ముడూ నేనూ కలిసి కంప్యూటర్‌వాణ్ణి బాదుతాం. పాయింట్లు దగ్గరపడగానే ఆ పొత్తు గోవిందా! మధ్యలో ఇరుక్కోకండి, రెండు వైపులా తగులుతుంది. ఇరుక్కున్నా ఒక దారుంది: గాల్లోకి ఎగిరి రెండు కాళ్లూ చెరోవైపు చాపే దెబ్బ. ఒకేసారి ఇద్దరూ కూలతారు. దాన్ని వేళ్లకి అలవాటయ్యేదాకా సాధన చేయండి.

రౌండ్ల మధ్య బంతుల్ని డాలుతో అడ్డుకునే బోనస్ వస్తుంది. అప్పుడు దూకుడు పనికిరాదు, వచ్చే బంతి మీదే కన్నుండాలి.

టెన్షన్ ఎక్కువైతే టి కీ నొక్కండి, అందరి ప్యాంట్లూ జారిపోతాయి. మా తమ్ముడు ఓడిపోయే ముందు చేసే పని అదే.