దసరా సెలవుల్లో దుబారె ఏనుగుల దగ్గరికి వెళ్తున్నారా? ముందు కావేరిని చూసుకోండి

హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో కూర్గ్ వెళ్లే మనవాళ్లలో చాలామంది దుబారె ఏనుగుల క్యాంపు చూసే వస్తారు. కుశాలనగర్ నుంచి సుమారు 15 కిలోమీటర్లు. బండి ఇవతలి ఒడ్డున ఆపాలి, ఏనుగులు ఉండేది అవతలి ఒడ్డున. మధ్యలో కావేరి. "పిల్లలతో వెళ్తున్నాం, ఏనుగులు ఏమీ చేయవు కదా?" అని నన్ను చాలామంది అడుగుతారు. నది గురించి ఒక్కరూ అడగరు. అందుకే ముందు దాని సంగతే చెబుతాను.

దసరా నాటికి అక్కడ వానలు పూర్తిగా తగ్గవు. పైన భాగమండల, తలకావేరి కొండల్లో వాన పడితే ఆ నీళ్లన్నీ కిందికి ఇటే వస్తాయి. వాటిని పట్టి ఆపే పెద్ద డ్యామ్ దారిలో ఏదీ లేదు. కాబట్టి దుబారెలో ఎండ కాస్తున్నా నది పెరగొచ్చు. నీళ్లు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, ఇందాక పొడిగా ఉన్న రాయి అంచు తడిసినా వెంటనే పిల్లల్ని తీసుకుని ఒడ్డెక్కండి. ప్రవాహం ఎక్కువైతే పడవలు ఆపేస్తారు. "ఇంత దూరం వచ్చాం, ఒక్క ట్రిప్పు వేయండి" అని దయచేసి బతిమాలకండి. ఎండాకాలంలో నీళ్లు తగ్గినప్పుడు జనం రాళ్ల మీదుగా నడిచి దాటుతారు. ఆ వీడియోలు చూసి ఈ సీజన్‌లో అలా దిగొద్దు.

మేం వెళ్లినప్పుడు నీళ్లు మోకాలి లోతే. మా అక్క కొడుకు పాచి పట్టిన రాయి మీద కాలు పెట్టాడు, చెప్పు జారి నీళ్లలో పడింది. దాన్ని అందుకోవాలని వంగాడు. వంగిన క్షణంలోనే రెండో కాలు కూడా లేచిపోయింది. బావ వెనక నుంచి చొక్కా పట్టుకోబట్టి ఆగాడు. చెప్పు అప్పటికే రెండు బండరాళ్ల మధ్య సుడిలో పడి తిరుగుతోంది, చూస్తుండగానే లోపలికి వెళ్లిపోయింది. అప్పటి నుంచి ఎవరు వెళ్తున్నా ఒక మాట చెబుతున్నాను: వెనక పట్టీ ఉన్న శాండల్స్ వేసుకోండి, నీళ్లలో పడిన చెప్పు, ఫోను, టోపీ ఏదైనా సరే వదిలేయండి. ఆ విషయం పిల్లలకు పడవ ఎక్కకముందే చెప్పి ఉంచండి.

పడవలో లైఫ్ జాకెట్ బకిల్స్ అన్నీ పెట్టుకోవాలి. పిల్లలకు వాళ్ల సైజుది అడిగి తీసుకోండి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్ గడ్డం దాటి పైకి వచ్చేస్తే అది వదులు, నీళ్లలో పనికిరాదు. చీర కొంగు, చున్నీ నడుముకు బిగించి కట్టుకోవాలి.

ఇక ఏనుగులు. రాత్రంతా అడవిలో మేసిన వాటిని పొద్దున తోలుకొచ్చి నదిలో స్నానం చేయిస్తారు. అందుకే ఉదయమే వెళ్లాలి. ఏనుగు నీళ్లలో ఒక పక్కకు ఒరిగి పడుకుంటే మావటి దాని వీపు రుద్దుతుంటాడు. దగ్గర నుంచి చూస్తే ఆ తడి చర్మం మీద చీపురు పుల్లల్లా గరుకు వెంట్రుకలు కనిపిస్తాయి. తాకనిస్తారా లేదా అనేది ఆ రోజు అక్కడి సిబ్బంది ఇష్టం. వాళ్లు వద్దంటే వద్దనే.

వెళ్లేటప్పుడు ఏనుగుకు కనిపించేలా పక్క నుంచి, మావటి ఉన్న వైపు నుంచి వెళ్లండి. వెనక నుంచి వెళ్లొద్దు, అటు దానికి కనిపించదు. తల్లికీ గున్నకూ మధ్య అసలే నిలబడొద్దు. మేత ఆపేసి చెవులు విప్పి కదలకుండా నిలబడినా, తోక బిగబట్టినా, తొండం విదిలించినా మెల్లగా వెనక్కి నడవండి. మగ ఏనుగుకు కణత దగ్గర, అంటే కన్నుకూ చెవికీ మధ్య, నల్లగా జిగురులా కారిన చార కనిపిస్తే అది మదం. గొలుసుతో కట్టేసి ఉంది కదా అని దగ్గరికి పోవద్దు. గొలుసు పొడవుకు తొండం పొడవు కూడా కలుపుకోవాలి.

అక్కడి మావటుల్లో చాలామంది జేను కురుబలు, తరతరాలుగా ఆ అడవుల్లో బతికినవాళ్లు. ఏనుగు మూడ్ మారడం మనకంటే ముందే పసిగడతారు. వాళ్లు కన్నడలో అరిస్తే మనకు అర్థం కాక నిలబడిపోతాం. నాలుగు ముక్కలు నేర్చుకుని వెళ్లండి. "హిందె హోగి" అంటే వెనక్కి వెళ్లండి. "ముట్టబేడి" అంటే ముట్టుకోవద్దు. "నిల్లి" అంటే ఆగండి. మీరు "అణ్ణా" అని పిలిస్తే చాలు, ఆప్యాయంగా పలుకుతారు. కర్ణాటక క్యాంపుల్లో ఇలాంటివాళ్లు తీర్చిదిద్దిన కుంకీలే, అంటే శిక్షణ ఇచ్చిన ఏనుగులే, 2025 మేలో మన ఆంధ్రప్రదేశ్‌కూ వచ్చాయి. పలమనేరు దగ్గర ముసలిమడుగు క్యాంపులో ఉంచారు. పొలాల మీద పడే అడవి ఏనుగుల్ని మళ్లించడానికి వాటిని తెచ్చారు.

తిండి విషయం. వాటికి రాగి ముద్ద, బెల్లం మావటులే పెడతారు. మీ బ్యాగులో అరటిపండ్లు ఉంటే ఇవతలి ఒడ్డునే కారులో పెట్టేయండి, ఏనుగు వాసన పట్టేస్తుంది. చిప్స్ కవర్లు అక్కడ పడేస్తే అవి దాని కడుపులోకి పోతాయి. దగ్గు తగ్గనివాళ్లు దూరం నుంచే చూడండి, ఎందుకంటే టీబీ మనుషుల నుంచి ఏనుగులకూ, వాటి నుంచి మనకూ అంటుతుంది.

ఇంకో సంగతి. దసరా ముందు దుబారె ఏనుగుల్లో కొన్ని జంబూ సవారీ అనే దసరా ఊరేగింపు కోసం మైసూరు వెళ్లిపోతాయి. క్యాంపులో తక్కువ కనిపిస్తే నిరాశపడకండి, తిరుగు ప్రయాణంలో మైసూరులో చూడొచ్చు. అక్కడ కూడా జనంలో తోసుకుంటూ వాటి కాళ్ల దగ్గరికి పోవద్దు, బాణాసంచా వైపు అసలే నిలబడొద్దు.

చీకటి పడకముందే రూమ్ చేరుకోండి. ఆ చుట్టుపక్కల కాఫీ తోటల్లో అడవి ఏనుగులు తిరుగుతాయి. రోడ్డు మీద ఏనుగు కనిపిస్తే హారన్ కొట్టొద్దు, హై బీమ్ వేయొద్దు, ఫొటో కోసం కిందికి దిగొద్దు. దూరంగా ఆగి, వీలుంటే మెల్లగా రివర్స్ చేసుకుని దానికి దారి వదలండి. ఒకటి దాటగానే బండి ముందుకు పోనివ్వకండి. వెనకాల తోటలోంచి ఇంకోటి రావచ్చు, దాని వెంట గున్న కూడా ఉండొచ్చు.