హాల్‌మార్క్ నగలో స్వచ్ఛత తగ్గితే బీఐఎస్‌కు ఫిర్యాదు చేసే విధానం

హాల్‌మార్క్ ముద్ర వేసిన నగలో ముద్రలో చెప్పినంత బంగారం లేదని తేలితే, కొన్నవారు భారతీయ ప్రమాణాల సంస్థకు, అంటే బీఐఎస్‌కు, నేరుగా ఫిర్యాదు చేయవచ్చు. ఇందుకు రుసుము లేదు కనుక, పరిహారం ఇప్పిస్తామని కమిషన్ అడిగేవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వనవసరం లేదు.

ముందుగా నగపై బీఐఎస్ చిహ్నం, 22కె916 (22 క్యారెట్లు, అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారం) వంటి స్వచ్ఛత గుర్తు, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకు విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఉన్నాయో లేదో చూడాలి. ఆ హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో నమోదు చేస్తే నగ రకం, స్వచ్ఛత, ముద్ర వేయించిన వ్యాపారి వివరాలు కనిపిస్తాయి. చేతిలో గొలుసు ఉండగా యాప్ ఉంగరమని చూపితే అదే ఫిర్యాదుకు తగిన కారణం. ఫిర్యాదును అదే యాప్‌లో నమోదు చేయవచ్చు.

చాలామంది ఆగిపోయేది బిల్లు దగ్గర. కూతురి పెళ్లికి గొలుసు కొన్న ఒక తల్లి, 3 శాతం జీఎస్టీ మిగులుతుందన్న దుకాణదారు మాట నమ్మి, ఎస్టిమేట్ చీటీతోనే ఇంటికి వచ్చారు. నగ నాసిదని తెలిశాక ఆ దుకాణం వారు అది తమ సరుకే కాదన్నారు. హెచ్‌యూఐడీ ఉంది కదా అని ధీమా పడకూడదు, ఎందుకంటే అది ముద్ర వేయించినవారిని చూపుతుంది, వారు టోకు వ్యాపారి కావచ్చు. మీకు అమ్మినవారెవరో చెప్పేది బిల్లే. అందులో ఒక్కో నగ పేరు, బంగారం నికర బరువు, క్యారెట్లలో స్వచ్ఛత, హాల్‌మార్కింగ్ రుసుము విడివిడిగా ఉండాలి. ఇప్పటికే చీటీతో సరిపెట్టుకున్నవారు నిరాశపడి ఊరుకోవద్దు. కార్డు లేదా యూపీఐ చెల్లింపు వివరాలను జతచేసి ఫిర్యాదు చేయండి.

నగను బీఐఎస్ గుర్తింపు పొందిన కేంద్రంలోనే పరీక్ష చేయించాలి. 2018 నాటి బీఐఎస్ నియమాల ప్రకారం, తగ్గిన స్వచ్ఛత విలువకు రెండింతలు, దానితోపాటు పరీక్ష ఖర్చు పరిహారంగా రావాలి. 916 అని అమ్మిన పది గ్రాముల గొలుసు 900గా తేలితే తగ్గినది 0.16 గ్రాము; పరిహారం 0.32 గ్రాముల బంగారం ధర, పరీక్ష ఖర్చు.

ఈలోగా దుకాణం వారు నగను తిరిగి తీసుకుని వేరేది ఇస్తామన్నా, కరిగించి చూద్దామన్నా దయచేసి ఒప్పుకోకండి. కరిగిన నగతోపాటు దానిమీది ముద్ర కూడా పోతుంది, ఆ తరువాత చూపడానికి మీ దగ్గర ఏమీ మిగలదు.