బెంగళూరు తెలుగు పిల్లలకు గణవిభజన నేర్పడం ఎలా?

మా అపార్ట్‌మెంట్లో ఆదివారం తెలుగు క్లాసుకి వచ్చే తొమ్మిదో తరగతి అబ్బాయికి ఓ వేమన పద్యం ఇచ్చి గురులఘువులు (పలకడానికి ఎక్కువసేపు, తక్కువసేపు పట్టే అక్షరాలు) గుర్తించమన్నాను. చకచకా పెట్టేశాడు. చూస్తే గురువులన్నిటికీ అడ్డగీత, లఘువులన్నిటికీ గిన్నెలాంటి గుర్తు! వాడి తప్పేం లేదు. బళ్ళో కన్నడం చదువుతాడు, అక్కడ గుర్తులు అలాగే ఉంటాయి. మనకేమో గిన్నె గురువుకి, నిలువుగీత లఘువుకి.

అందుకే ఈ ఊళ్ళో మొదటి పని, రెండు పద్ధతులూ బోర్డు మీద పక్కపక్కన రాయడం. గురువు, లఘువు, గణం (గురులఘువుల గుంపు), ప్రాస (పాదాల రెండో అక్షరాల పొంతన), చివరికి గణాలు గుర్తుపెట్టుకునే సూత్రం ‘యమాతారాజభానసలగం’ కూడా రెండు భాషలకీ ఉమ్మడి సొత్తే కాబట్టి సగం పని అయిపోయినట్టే. ‘యతి’ దగ్గర మాత్రం జాగ్రత్త. కన్నడంలో అది చదువుతూ ఆగే చోటు. మనకది పాదం మొదటి అక్షరంతో మైత్రి (ధ్వని పొంతన) కుదరాల్సిన అక్షరం.

2. లఘువుకి ఒక చిటిక, గురువుకి రెండు. దీర్ఘం, సున్నా, విసర్గ, పొల్లు ఉన్నవి గురువులు. ఒత్తక్షరానికి ముందున్నదీ గురువే. పిల్లలు తడబడేది ఇక్కడే. ‘దొమ్మలూరు’లో ‘మ్మ’ని గురువంటారు. దాని బరువు ‘దొ’ మీద పడుతుందని పలికించి చూపండి.

3. గణాలు బస్సు బోర్డుల్లో వెతికించండి. మడివాళ, యలహంక సలాలు (రెండు లఘువులు, గురువు, లఘువు). హెబ్బాళ, బేగూరు తగణాలు (రెండు గురువులు, లఘువు). ఇవి ఇంద్రగణాల్లోవి. నల, నగ, సల, భ, ర, త కలిపి ఆరు. సూర్యగణాలు రెండే: ‘రమణ’ లాంటి నగణం, ‘రాజు’ లాంటి హగణం.

4. ఇప్పుడు ఆటవెలది, కింది వేమన పద్యం నడిచే ఛందస్సు. 1, 3 పాదాల్లో మూడు సూర్యులు, రెండు ఇంద్రులు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్యులే. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం.

ఉప్పు - కప్పు - రంబు - నొక్కపో - లికనుండు
చూడ - చూడ - రుచుల - జాడ - వేరు

‘పోలిక’ని మధ్యలో నరికేశారేమిటని అడుగుతారు. గణానికి మాట హద్దు పట్టదని చెప్పండి. ‘ఉ’కీ ‘నొ’కీ మైత్రేమిటని ఇంకో ప్రశ్న. ఆ నకారం సంధిలో వచ్చిన ద్రుతం (మాట చివర చేరే ‘న’), తీసేస్తే మిగిలేది ‘ఒ’. ఉ, ఒ చుట్టాలే. రెండో పాదం నాకు మరీ ఇష్టం. ‘చూ’కీ ‘జా’కీ అచ్చులు కలవవు, కానీ వాటి పక్కన రెండు చోట్లా ‘డ’ ఉంది. అదే ప్రాసయతి. ఆటవెలదిలో యతి బదులు చెల్లుతుంది.

5. అలంకారాలకి ఓ పావుగంట చాలు. ‘సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్ నత్తలా పాకుతోంది’ అని రాయండి. ట్రాఫిక్ ఉపమేయం, నత్త ఉపమానం, పాకడం సమానధర్మం, ‘లా’ ఉపమావాచకం. పాఠ్యపుస్తకంలో ‘వలె’ ఉంటుంది, ఫరవాలేదు.

ఇందాకటి వేమన పద్యంలో మూడో పాదం, ‘పురుషులందు పుణ్యపురుషులు వేరయా’, పిల్లలకే వదిలేయండి. రెండోసారి వచ్చే ‘పురుషులు’ దగ్గర నాలుగూ లఘువులే తేలి, తప్పు చేశామేమోనని చెరిపేయబోతారు. ఆపండి. అది నలం.