లాన్ కేబుల్ ఇంటర్నెట్‌ను సరిచూసే ముందు జాగ్రత్తలు

హనుమకొండ, కాజీపేట వైపు వేసవి చివర ఈదురుగాలులతో ఉరుములు మొదలైతే, రూటర్ నుంచి కంప్యూటర్‌కు లాన్ కేబుల్ అనే తీగ ద్వారా వచ్చే ఇంటర్నెట్ ఆగిపోయినా సరే, వాన వెలిసేదాకా తీగలను ముట్టుకోకూడదు. కరెంటు పోయి వచ్చిన వెంటనే ఇబ్బంది మొదలైతే, రూటర్ పూర్తిగా తేరుకోవడానికి ఐదు నిమిషాలు ఆగాలి.

రూటర్ వెనుక సన్నని రంధ్రంలో ఉండే రీసెట్ మీటను తొందరపడి నొక్కరాదు. ఆఫ్ చేసి ఆన్ చేయడం వేరు, రీసెట్ వేరు. రీసెట్ చేస్తే కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో సహా అన్నీ చెరిగిపోతాయి కనుక, వాటిని ముందే కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

ఫైబర్ తీగ ఉన్న ఇంట్లో దాని కొనను కంటికి ఎదురుగా పెట్టి చూడకూడదు. అందులోని లేజర్ కాంతి కనిపించదు గానీ కంటికి హాని చేయగలదు. ఆ తీగను గట్టిగా మడవనూ వద్దు.

సెట్టింగులు మార్చేముందు పాతవాటిని ఫోనులో ఫొటో తీసుకోవాలి. ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌ను గుర్తించే అంకెలు) 169.254తో మొదలైతే, కంప్యూటర్‌కు రూటర్ నుంచి చిరునామా అందలేదని అర్థం కనుక, ముందు కేబుల్‌నే అనుమానించాలి. మా ఇంట్లో రెండు రోజులు సెట్టింగులన్నీ తిప్పి చూశాక, కేబుల్ చివరి ప్లగ్గుకున్న ప్లాస్టిక్ నాలుక విరిగి, ఊడ్చేటప్పుడు చీపురు తగిలినప్పుడల్లా అది వదులవుతోందని తేలింది. ప్లగ్గును టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కి, పక్కనున్న చిన్న దీపం వెలిగిందో లేదో చూడాలి.