బంక అంటకుండా పనసపండు కోయడం ఎలా?

పనస తొనలంటే పడిచచ్చేవాళ్లు కూడా పండు మొత్తం ఇంటికి తేవాలంటే వెనకాడతారు, కారణం బంక. నేను మొదటిసారి నూనె రాసుకోకుండా కోస్తే చేతులు, కత్తి సరే, మధ్యలో ఫోన్ మోగితే దానికీ అంటింది.

ముందు పండు ముగ్గిందో లేదో చూడండి. వాసన దూరం నుంచే తెలియాలి, నొక్కితే తొక్క కొంచెం లోపలికి పోవాలి. గట్టిగా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టకుండా కొన్ని రోజులు బయటే వదిలేయండి.

కింద పాత పేపర్లు పరిచి, చేతులకి, కత్తికి రెండు వైపులా వంటనూనె బాగా పట్టించి, పండుని నిలువుగా రెండు చెక్కలు చేయండి. తెల్లటి పాలు కారుతుంటే వెంటనే పేపర్‌తో తుడిచేయాలి, నీళ్లు మాత్రం పోయకండి, బంక నీటిలో కరగదు. తర్వాత నడిమి గట్టి భాగాన్ని కోసి పారేయండి. బంక ఎక్కువగా ఉండేది అక్కడే కాబట్టి అది పోతే మిగతాది సులువు, తొక్కని వెనక్కి వంచితే తొనలు వాటంతటవే పైకి లేస్తాయి, ఒక్కోటీ లాగి పిక్క తీసేయడమే.

పిక్కలు పారేయకండి! పచ్చివి తినకూడదు గానీ, అరగంట ఉడికించి పైన తెల్ల పెంకు ఒలిస్తే మెత్తగా, కమ్మగా ఉంటాయి. నాకైతే తొనలకంటే ఇవే ఇష్టం.

తొనలు ఊరికే తినొచ్చు, పాలతో మిల్క్‌షేక్ చేసుకోవచ్చు. మిగిలితే డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో పడేయండి, గడ్డకట్టాక ఐస్‌క్రీమ్‌లా తినేయొచ్చు.

ఆరోగ్యం సంగతికొస్తే, 100 గ్రాముల తొనల్లో సుమారు 95 క్యాలరీలు, 450 మిల్లీగ్రాముల దాకా పొటాషియం, కొంత విటమిన్ సి, పీచు ఉంటాయి. మంచి పండే, కానీ అన్ని రోగాలకీ మందు అంటే నమ్మకండి. పిండిపదార్థాలే 23 గ్రాముల దాకా ఉంటాయి, చాలావరకు చక్కెరే, కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు రెండు మూడు తొనలతో ఆపడం మేలు. కిడ్నీ సమస్య వల్ల పొటాషియం తగ్గించమన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే తినాలి. రబ్బరు గ్లౌజులు పడనివాళ్లకి ఈ పండూ పడకపోవచ్చు.

ఇంత చేసినా ఎక్కడో అక్కడ బంక అంటుతుంది. అక్కడ ఇంకాస్త నూనె రుద్ది, పేపర్‌తో తుడిచి, ఆ తర్వాతే సబ్బు పెట్టండి.