పీఎస్4లో మన వీడియో ఆడాలంటే

బెంగళూరు మారతహళ్లిలో మా అక్కవాళ్ల టీవీకి తగిలించి ఉన్నది పీఎస్4 (ప్లేస్టేషన్ 4 గేమ్ కన్సోల్) ఒక్కటే. బుడ్డోడి అన్నప్రాసన వీడియో షాట్‌కట్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ చేసి, సైజు తగ్గుతుంది కదా అని హెచ్ఈవీసీ అనే వీడియో ఫార్మాట్‌లో ఎక్స్‌పోర్ట్ చేసి పట్టుకెళ్లాను. ఆడలేదు. బావ ముందు పరువు పోయింది.

తప్పు నాదే. పీఎస్4లోని మీడియా ప్లేయర్‌కి హెచ్.264 అనే పాత ఫార్మాట్ కావాలి. ముందు షాట్‌కట్ సెట్టింగ్స్‌లో వీడియో మోడ్ 1080పీ పెట్టండి, ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని బొమ్మలు) మీ కెమెరా తీసిందే ఉంచండి. తర్వాత ఎక్స్‌పోర్ట్ ప్యానెల్‌లో 'హెచ్.264 హై ప్రొఫైల్' ప్రీసెట్ నొక్కండి. ఫైలు ఎంపీ4, ఆడియో ఏఏసీ.

అసలు చిక్కు సైజు దగ్గరే. అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, కోడెక్ ట్యాబ్‌లో రేట్ కంట్రోల్‌ని యావరేజ్ బిట్‌రేట్‌కి మార్చి '8ఎం' (సెకనుకు 8 మెగాబిట్లు) అని కొట్టండి. గంట వీడియో దాదాపు 3.7 జీబీ వస్తుంది. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు కాబట్టి సరిగ్గా పడుతుంది. అంతకంటే పెద్దదైతే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకోండి. విండోస్‌వాళ్ల ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌ని మాత్రం పీఎస్4 చదవదు.

ఇంకోటి, మొత్తం ఎక్స్‌పోర్ట్‌కి పెట్టే ముందు ఒక్క నిమిషం ముక్క చేసి టీవీలో చూడండి. నా పాత లాప్‌టాప్‌కి గంట వీడియో అంటే రాత్రంతా ఫ్యాను మోతే.